అరచేతిలో ఇమిడెడి ఫోను

(సంఘ వార్షికోత్సవ సందర్భమున జరిగిన గోష్ఠిలో చేసిన ప్రసంగ పాఠము)

కొలతలన్నియు మొదట మనుష్యుని దేహము నుండి పుట్టినవే. అంగుళమనగా వ్రేలి వెడల్పు. నాలుగు వ్రేళ్లు చేర్చి పట్టిన బెత్తె. మూడు బెత్తెలు జాన, రెండు జానలు మూర, నాలుగు మూరలు బార. పూలు కొనెడి ఇల్లాలు నేటికిని మూరతోనే కొనును. ఆ మూర అమ్మెడి యామె చేతిదా, కొనెడి యామె చేతిదా అను తగవు నేటికిని తీరలేదు. 1956లో పార్లమెంటు తూనికలు కొలతల చట్టము చేసి మెట్రిక్ పద్ధతిని నెలకొల్పిన పిమ్మట కార్యాలయముల కాగితములలో మీటరును సెంటీమీటరును స్థిరపడినవి. కాని ఒక వస్తువు చేతికి వచ్చునా రాదా అని నిర్ణయించునది మాత్రము ఇప్పటికిని ఆ బెత్తెయే.

బెత్తె యనగా ఇంచుమించు మూడు ఇంగ్లీషు అంగుళములు, అనగా సుమారు 76 మిల్లీమీటర్లు. 2024లో వెలువడిన ఐఫోను 16 ప్రో మాక్స్ వెడల్పు 77.6 మిల్లీమీటర్లు. బెత్తెను దాటిన వస్తువును చేయి పట్టుకొనగలదు గాని, పట్టుకొనియే దానితో పనిచేయుట కష్టము. బొటనవ్రేలు ఆవలి యంచును చేరదు. చేర్పబోయిన యెడల ఫోను చేజారును. రెండవ చేయి సాయము రావలసినదే.

ఇట్టి కాలమున చిన్న ఫోనే కావలెనని పట్టుబట్టు వారు కొందరు కలరు. ఊరందరిది ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి యని వారిని పరిహసించుట సులభము. కాని వారు కోరునది క్రొత్త వింత యేమియు కాదు. పదునైదేండ్ల క్రిందట అంగడిలో ప్రతి బల్లమీదను ఉండిన వస్తువునే వారు కోరుచున్నారు.

చేతి ఫోను చరిత్రలో మొదటి సగము చిన్నదగుటకు పడిన పాటు. 1973 ఏప్రిల్ 3వ తేదీన న్యూయార్కు వీథిలో మార్టిన్ కూపర్ మొదటి పిలుపు చేసిన యంత్రము కిలోగ్రామునకు పైగా తూగెను. 1996లో మోటరోలా వారి స్టార్‌టాక్ అను మడత ఫోను 88 గ్రాములకు దిగెను. మన దేశమున మొదటి సెల్యులర్ సంభాషణ 1995 జూలై 31న జరిగెను. కలకత్తా నుండి ముఖ్యమంత్రి జ్యోతి బసు, ఢిల్లీలో సంచార భవనమందున్న కేంద్ర మంత్రి సుఖ్‌రామ్ ఆనాడు మాటలాడుకొనిరి. అప్పట్లో వచ్చిన పిలుపునకు సైతము రుసుము చెల్లింపవలసి యుండెను. ఆ తరువాతి దశాబ్దిలో చొక్కా జేబులో ఉన్నదో లేదో తడిమి చూచుకొనవలసినంత చిన్న ఫోనులు ఇంటింటికిని వచ్చినవి. చిన్నతనమే ఆనాడు గొప్పతనము. పెద్ద ఫోను పట్టుకొన్నవానిని పాతకాలపు వానిగా చూచిరి.

2007లో వచ్చిన మొదటి ఐఫోను తెర కర్ణము మూడున్నర అంగుళములు. మీటలు పోయి తెరయే సర్వమగుటతో గాలి ఎదురు తిరిగెను. 2010 జూలైలో పత్రికల వారి సమావేశమున స్టీవ్ జాబ్స్, చేతి పట్టునకు లొంగని పెద్ద ఫోనులను ఎవరును కొనరని చెప్పెను. మరుసటి సంవత్సరమే శాంసంగు వారు 5.3 అంగుళముల తెరతో గెలాక్సీ నోట్ తెచ్చిరి. దానిని చెవికి ఆనించుకొన్నవారిని చూచి, పలకతో మాటలాడుచున్నారని జనులు నవ్విరి. నవ్వినవారే కొనిరి. 2014లో ఆపిల్ సంస్థయు 4.7, 5.5 అంగుళముల ఫోనులను తెచ్చి ఆ దారికే వచ్చెను. ఆనాడు నవ్వులపాలైన నోట్ పొడవు సుమారు 147 మిల్లీమీటర్లు. 2025లో శాంసంగు వారు తమ ఉత్తమ శ్రేణిలో మిక్కిలి చిన్నదిగా తెచ్చిన గెలాక్సీ ఎస్25 పొడవును సరిగా అంతయే. పదునాలుగేండ్లలో పెద్ద యను మాట అర్థము చిన్న యను మాటకు సంక్రమించినది.

ఇచ్చట అంగుళముల లెక్కలో ఒక మాయ కలదు. అంగడివాడు చెప్పునది తెర కర్ణము, అనగా మూల నుండి మూలకు గల దూరము. నాలుగంగుళముల తెర 6.9 అయినదనిన ఒకటికి ముప్పాతిక పెరిగినట్లు తోచును. వైశాల్యము గణించినచో రెండున్నర రెట్లకు పైగా పెరిగినది. బరువు సంగతి కూడ అట్టిదే. 2012 నాటి ఐఫోను 5 తూకము 112 గ్రాములు, 16 ప్రో మాక్స్ తూకము 227. మరియొక ప్రక్క నుండి చూచిన ఈ మాయయే వేరొక వేషము వేయును. 2017లో ఒకే కాలమున వచ్చిన రెండు ఐఫోనులలో ఒకదాని తెర 5.5 అంగుళములు, వెడల్పు 78.1 మిల్లీమీటర్లు, రెండవదాని తెర 5.8 అంగుళములు, వెడల్పు 70.9 మాత్రమే. అంచులు సన్నగిల్లి, తెర నిడుపు పెరిగి, సంఖ్య పెద్దదైనను ఫోను ఇరుకైనది. కావున అంగుళములను చూచి ఫోను చిన్నది పెద్దది యని నిశ్చయించుట, పుస్తకము బరువును పుటల సంఖ్యతో నిశ్చయించుట వంటిది. చేతికి కావలసిన సంఖ్య వెడల్పు. ప్రకటనలలో అది కనిపించుట అరుదు.

పెద్ద ఫోనును కోరువారి పక్షము బలహీనమని తలపరాదు. అది బలమైనదే, మన దేశమున మరింత బలమైనది. పశ్చిమ దేశములలో ఫోను అనునది కంప్యూటరు, టెలివిజను, పుస్తకముల తరువాత వచ్చిన నాలుగవ వస్తువు. మన ఇండ్లలో అనేకములందు ఆ నాలుగింటికి బదులు వచ్చిన ఒక్క వస్తువు. 2016 సెప్టెంబరులో జియో సేవలు ఆరంభమై ఇంటర్నెట్టు చౌకయైన పిమ్మట సినిమా, వార్త, పాఠము, క్రికెట్టు, బ్యాంకు లావాదేవీ అన్నియు ఆ తెరమీదికే చేరినవి. రైల్వే క్వార్టర్సులో ఒకే ఫోను చుట్టు ముగ్గురు పిల్లలు చేరి పాఠము వినుచున్నప్పుడు ఆ ఫోను అరచేతిలో ఇముడవలెనని కోరుట అన్యాయము. ఇచ్చిన రూపాయికి తగినంత తెర రావలెనని వారు చూతురు, అది న్యాయమే.

తెలుగు చదువరికి మరియొక కారణము కూడ కలదు. రోమను లిపి ఒక గీతమీద నడచును. తెలుగు లిపికి గుణింతములు పైకి, ఒత్తులు క్రిందికి వ్యాపించును. రాష్ట్రము అను మాటలో ‘ష’ క్రింద రెండు ఒత్తులు వ్రేలాడును. మ, వ లకు గల భేదము చిన్న కొమ్ములో ఉన్నది. ప, ష, ఫ ల భేదము అంతకంటె సూక్ష్మము. ఇంగ్లీషు సుఖముగా చదువగల ప్రమాణమున తెలుగు చదువబోయిన కనులు చికిలించుకొనవలసి వచ్చును. అక్షరమును పెద్దది చేసినచో చిన్న తెరమీద పంక్తికి మూడు నాలుగు మాటలే పట్టును. తెలుగు సమాసముల నిడుపు తెలిసినదే గదా. ఒక్కొక్క సమాసము పంక్తినంతయు తానే ఆక్రమించును. చత్వారము వచ్చిన పెద్దలు ఊరినుండి వచ్చిన వార్తను చదువుకొనుటకు పెద్ద ఫోనును కోరుటలో ఆశ్చర్యము లేదు. వ్రాయుటకును ఇదే చిక్కు. ఇరువదియారు అక్షరముల మీటలు పట్టిన చోట అచ్చులు, హల్లులు, గుణింతములు అన్నియు పట్టవలెను.

ఇంత చెప్పిన పిమ్మటను చిన్న ఫోను పక్షము మిగిలియే యున్నది. ఏలయనగా కన్నుల అవసరము వేరు, చేతుల అవసరము వేరు.

ఫోనును జనులు ఎట్లు పట్టుకొందురో స్టీవెన్ హూబర్ అను పరిశీలకుడు వీథులలో, బస్సులలో, రైళ్లలో చూచి 2013లో ప్రకటించెను. ఆయన చూచిన 1,333 సందర్భములలో తెరను తాకి పనిచేయుచుండినవారిలో నూటికి 49 మంది ఫోనును ఒక చేతితోనే పట్టుకొనియుండిరి. అది చిన్న తెరల నాటి లెక్క. నేడు రెండు చేతులు వాడువారి సంఖ్య పెరిగినదనిన, అది వారి ఇష్టము మారుటచేతనా, లేక ఫోను మారుటచేతనా అని విచారింపవలెను. రెండవ చేయి ఖాళీగా ఉన్నవారికి ఇది పెద్ద సంగతి కాదు. ఢిల్లీ మెట్రోలో పై పట్టీని ఒక చేత పట్టి వ్రేలాడు గుమాస్తాకు, బొంబాయి లోకలు బండిలో కడ్డీ పట్టి నిలుచున్న ఉద్యోగినికి రెండవ చేయి లేదు. కూరగాయల సంచి ఒక చేతనుండగా దుకాణమున క్యూఆర్ కోడు చూపి డబ్బు చెల్లింపవలసిన గృహిణికి రెండవ చేయి లేదు. 2021 నుండి అంగన్‌వాడీ కార్యకర్తలు పిల్లల ఎత్తు, బరువుల వివరములను పోషణ్ ట్రాకర్ అను ఫోను సాధనములో నమోదు చేయుచున్నారు. చంకలో ఏడ్చు బిడ్డతో ఆ పని చేయవలసిన వేళ వారికిని రెండవ చేయి లేదు. ఒంటిచేతి పని యనునది విలాసము కాదు, తీరిక లేని వారి జీవితము.

స్త్రీల సంగతి ప్రత్యేకముగా తలపదగినది. సగటున స్త్రీల హస్తము పురుషుల హస్తము కంటె చిన్నది, ఇది అందరెరిగినదే. 2013లో ఇస్తాంబులు గెజీ పార్కు ఆందోళన వేళ, భాష్పవాయువు మధ్య నిలిచి ఒంటిచేతితో ఛాయాచిత్రము తీయబోయి, తన చేతికి ఫోను పెద్దదగుటచే తీయలేకపోయినట్లు టర్కీ సామాజిక శాస్త్రజ్ఞురాలు జెయ్‌నెప్ తుఫెక్చి వ్రాసినారు. 2019లో బ్రిటిషు రచయిత్రి కారొలైన్ క్రియాడో పెరెజ్ తన ‘ఇన్విజిబుల్ విమెన్’ అను గ్రంథమున, పురుషుని కొలతనే మనుష్యుని కొలతగా భావించి వస్తువులు చేయు ఆచారమునకు ఫోనును ఒక ఉదాహరణముగా చూపినారు. మన దేశమున దీనికి జేబు లేమి తోడైనది. చీరకు జేబు లేదు. వెనుక మన స్త్రీలు చిన్న ఫోనును చేతి పర్సులో వేసికొనిరి, లేదా బొడ్డున దోపుకొనిరి. నేటి ఫోను బొడ్డున నిలువదు, చిన్న పర్సులో పట్టదు. చేతనే పట్టుకొని తిరుగవలెను, కాదేని పెద్ద సంచి అడుగున పడవేయవలెను. అవసరమైన క్షణమున సంచి అడుగున ఉన్న ఫోను ఇంటివద్ద ఉన్నదానితో సమానము. రాత్రి బస్సు దిగి నడచి వచ్చు ఆడుబిడ్డ విషయమున ఇది సౌకర్యపు మాట కాదు.

నొప్పుల మాట కూడ కలదు. బొటనవ్రేలి మొదట మణికట్టు వద్ద నరములు లాగెడి బాధను స్విట్జర్లాండు శస్త్రవైద్యుడు డి కెర్వాన్ 1895లో వర్ణించెను. నేటికిని అది ఆయన పేరనే వ్యవహరింపబడుచున్నది. అది ఫోనులకు పూర్వమే యున్నది గనుక నేరమంతయు ఫోనుమీద మోపుట తొందరపాటు. అయినను కీళ్లవాతము గల వేళ్లకు 112 గ్రాములకును 227 గ్రాములకును భేదము తెలియకపోదు.

తయారీదారులకు ఇది తెలియదా యనిన, బాగుగా తెలియును. 2014లో తెర పెంచిన నాడే ఆపిల్ వారు మీట రెండుమార్లు తాకిన పైభాగము క్రిందికి దిగివచ్చు ఏర్పాటు చేసిరి. 2018లో శాంసంగు వారు తమ తెర అమరికను మార్చి తాకవలసిన వానిని దిగువకు తెచ్చిరి. 2021లో ఐఫోను బ్రౌజరు చిరునామా పట్టీ పైనుండి క్రిందికి దిగెను. నిచ్చెన వేయుట యనగా గోడ ఎత్తైనదని ఒప్పుకొనుటయే.

మరి చిన్న ఫోనును ఏల చేయరు? చేసితిమి, కొనలేదు అని వారి సమాధానము. ఈ సమాధానమును కొంత శ్రద్ధతో పరిశీలింపవలెను.

2016 మార్చిలో నాలుగంగుళముల ఐఫోను ఎస్‌ఈని ప్రకటించుచు, అంతకు ముందటి సంవత్సరము 2015లో నాలుగంగుళముల ఫోనులు 3 కోట్లు అమ్ముడుపోయినవని ఆపిల్ సంస్థయే చెప్పినది. ఆ కాలమున దాని మొత్తము అమ్మకములు ఏడాదికి సుమారు 23 కోట్లు. అనగా పెద్దవి వచ్చిన తరువాత సైతము ఎనిమిది మందిలో ఒకరు చిన్నదానినే కొనిరి. 2020లో 5.4 అంగుళముల ఐఫోను 12 మినీ వచ్చెను. వెడల్పు 64.2 మిల్లీమీటర్లు, తూకము 135 గ్రాములు. దాని జాతకమును చూచిన జాలి కలుగును. అదే ఏడు ఏప్రిల్‌లో చౌకయైన రెండవ ఎస్‌ఈ వచ్చియుండెను. చిన్నది కావలెననువారు కొందరు అప్పుడే కొనివేసిరి. 12, 12 ప్రోలు అక్టోబరు 23న అంగడికి రాగా మినీ నవంబరు 13న గాని రాలేదు. అది కోవిడ్ కాలము; జనులు బస్సులెక్కక ఇంట కూర్చుండిరి. బస్సు లేని నాడు ఒంటిచేతి ఫోను విలువ ఎవరికి తెలియును? మన దేశమున ధర 69,900 రూపాయలు, దాని అన్న ధర 79,900. ఇంత చిన్నదానికి అంత ధరయా యని కొనువాడు వెనుకాడెను.

బ్యాటరీ లోపము నిజమైనదే. పొడవును వెడల్పును పదవ వంతు చొప్పున తగ్గించిన వైశాల్యము నూటికి 19 వంతులు తగ్గును. కెమెరాయు, యాంటెన్నాయు, ప్రాసెసరును ఆ మేరకు కుదించుకొనవు. కోతయంతయు బ్యాటరీ మీద పడును. 12 మినీ 15 గంటలు వీడియో చూపునని, 12 అయితే 17 గంటలని సంస్థయే తెల్పినది. 2021లో వచ్చిన 13 మినీకి ఈ లెక్క 17 గంటలయ్యెను. అనగా తమ్ముడు ఒక్క యేడాది ఆలస్యముగా అన్నను అందుకొనెను. అందుకొన్న తరుణముననే వంశము నిలిచిపోయెను. 2022లో మినీకి బదులు 6.7 అంగుళముల ప్లస్ వచ్చెను. 2023 సెప్టెంబరులో 13 మినీ అమ్మకము నిలిపిరి. 2025 ఫిబ్రవరిలో ఎస్‌ఈయు పోయెను. ఆ ఏడు సెప్టెంబరులో ఐఫోను ఎయిర్ అను పలుచని ఫోను వచ్చినది, మందము 5.6 మిల్లీమీటర్లు, తెర 6.5 అంగుళములు. పలుచనగుట వేరు, చిన్నదగుట వేరు. విస్తరాకు పలుచనిదే గాని జేబులో పట్టదు.

ఇతరుల చరిత్రయు ఇట్లే యున్నది. సోనీ వారు 2014లో 4.3 అంగుళముల జెడ్1 కాంపాక్ట్ తెచ్చి, 2018లో ఆ శ్రేణిని 5 అంగుళములతో ముగించిరి. ఆసుస్ వారు 2021 నుండి 2023 వరకు మూడేండ్లు 5.9 అంగుళముల జెన్‌ఫోను చేసి, 2024లో 6.78కి పోయిరి. 2022లో పెబుల్ గడియారముల స్థాపకుడు ఎరిక్ మిజికోవ్‌స్కీ, చిన్న ఆండ్రాయిడ్ ఫోను కావలెనని 50,000 సంతకములకై పిలుపునిచ్చెను. యూనిహెర్ట్స్ అను సంస్థ మూడంగుళముల జెల్లీ ఫోనులను చేయుచు వచ్చినది గాని, అవి వేడుక వస్తువులుగానే మిగిలినవి. మడత ఫోనులు జేబు కష్టమును తీర్చును. తెరిచిన పిమ్మట అవియు పెద్ద ఫోనులే, మూయుటకు తెరచుటకు మరల రెండవ చేయి వెదకుకొనవలెను.

కొనువారు తక్కువ యనుమాటలో తక్కువ యనగా ఎంత? ఏడాదికి ఇరువది కోట్ల ఫోనులు అమ్మెడి సంస్థకు నూటికి అయిదుగురు అనిన కోటిమంది. ఒక చిన్న దేశపు జనాభా. కాని అచ్చునకు, అమరికకు, పరీక్షలకు అగు ఖర్చు చిన్న ఫోనుకును పెద్ద ఫోనుకును ఒక్కటే. లాభము పెద్దదానిపై ఎక్కువ. పైగా చిన్నది దొరకనిచో ఆ కోటిమందియు ఫోను మానివేయరు, గొణుగుకొనుచు పెద్దదానినే కొందురు. వ్యాపారికి ఈ గొణుగుడు లెక్కలో కనబడదు. అమ్మకము మాత్రమే కనబడును. ఆ అమ్మకమును చూపి, చూచితిరా, అందరును పెద్దదే కోరుచున్నారు అని మరుసటి యేట చెప్పును. అరచేతిలో వైకుంఠము చూపుట యని మన పెద్దలు దీనినే అనిరి కాబోలు. ఇప్పుడు వైకుంఠమున్నది, అరచేయి చాలుట లేదు.

చెప్పుల దుకాణమున ఎనిమిదవ సంఖ్య పాదములు ఎక్కువగా వచ్చుచున్నవని అయిదవ సంఖ్య చెప్పులు కుట్టుట మానిన యెడల ఎవరును సహింపరు. ఫోను విషయమున సహించుటకు కారణము, అది పాదమునకు కాక చేతికి తొడుగునదగుట. చెప్పు కరచును, ఫోను కరవదు, జారును అంతే.

చిన్నది కావలెననువారికి నేటికిని కొన్ని దారులున్నవి. పాత మినీలను బాగుచేయించి అమ్మువారు కలరు. అట్టివానికి బ్యాటరీ మార్పించుట మొదటి పని, భద్రతా సవరణలు ఎంతకాలము వచ్చునో విచారించుట రెండవ పని. 2025లో వచ్చిన ఐఓఎస్ 26 రెండు మినీలమీదను నడచును. 2016 నాటి మొదటి ఎస్‌ఈ ఐఓఎస్ 15తోనే ఆగిపోయినది. భద్రతా సవరణలు నిలిచిన ఫోనులో బ్యాంకు పనులు చేయరాదు. క్రొత్తది కొనువారు వెడల్పు 70, 71 మిల్లీమీటర్ల వద్ద వెదకవలెను. 162 గ్రాముల గెలాక్సీ ఎస్25 వెడల్పు 70.5. తొడుగు వేసిన పిమ్మట మరి రెండు మూడు మిల్లీమీటర్లు కలియునని గుర్తుంచుకొనవలెను.

దుకాణములలో ఫోను గొలుసుతో బల్లకు కట్టబడియుండును. ఇంటినుండి తెప్పించుకొనువారికి ఆ మాత్రము స్పర్శయు లేదు. అట్టివారు ప్రకటనలో చిన్న అక్షరములతో ఉన్న పొడవు వెడల్పులను వ్రాసికొని, ఆ కొలతకు ఒక అట్టముక్కను కత్తిరించి, బొటనవ్రేలు నాలుగు మూలలకును పోవునో లేదో చూచుకొనవచ్చును. అట్టకు బరువుండదు గనుక, వంటింటిలో ఆ ఫోను తూకమునకు సరిపడు కందిపప్పును తూచి పొట్లము కట్టి, పావుగంట సేపు ఒక్క చేత ఎత్తి పట్టుకొనవలెను. పప్పు ఎటులను మరునాటి వంటకు పనికివచ్చును.